కిడ్నీ రాయి: స్కాన్ సరిగ్గా చదివితేనే చికిత్సకు దారి

"కుడి కిడ్నీలో 9 మి.మీ. రాయి ఉంది." చాలా స్కానింగ్ రిపోర్టులు ఈ ఒక్క వాక్యంతో ముగుస్తాయి. నొప్పికి కారణం తెలిసిందన్న ఊరట దీనితో దక్కుతుంది గానీ, ఏ చికిత్స చేయాలో తేల్చడానికి ఇది చాలదు. ఆ రాయి మందులతోనే కరిగే రకం కావచ్చు. బయటి నుంచి షాక్ తరంగాలు ఇస్తే ఒక్క విడతలో పొడి అయ్యేది కావచ్చు. రెండు మూడు వేల తరంగాలు కొట్టినా చెక్కుచెదరనిది కావచ్చు. పొడి అయినా ఆ పొడి బయటికి జారలేని మూలలో కూర్చుని ఉండవచ్చు. ఈ నాలుగింటినీ వేరు చేసే సమాచారం చాలావరకు స్కాన్‌లోనే ఉంటుంది. పట్టి చూసి దాన్ని బయటికి తీయాలి.

కిడ్నీ రాయిని ఎక్స్‌రేలో చూపించడం 1896లో గ్లాస్గోలో మొదలైంది. ఆ పని చేసింది జాన్ మెకింటైర్, అదీ ఎక్స్‌రేలు కనిపెట్టిన మరుసటి ఏడాదే. 1929లో మోజెస్ స్విక్ ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే కాంట్రాస్ట్ మందును రక్తనాళంలోకి ఎక్కించి మూత్రవ్యవస్థ మొత్తాన్ని ఫిల్మ్ మీదికి తెచ్చాడు. ఐవీపీ అనే ఆ పరీక్షే ఆరు దశాబ్దాలకు పైగా ప్రామాణికంగా నిలిచింది. 1990ల మధ్యలో కాంట్రాస్ట్ లేని సీటీ వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. అప్పటిదాకా చిత్రాన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: రాయి ఉందా, లేదా? ఇప్పుడు దానికి జవాబు సెకన్లలో వస్తోంది. ఎక్కడ ఉంది, ఎంత గట్టిది, దాన్ని చేరే దారి ఏది, దారిలో ఏముంది అన్నవే ఇప్పటి ప్రశ్నలు.

మొదట అల్ట్రాసౌండ్, దాని పరిమితులు తెలిసి

నడుము పక్కన మొదలై గజ్జల్లోకి పాకే నొప్పితో వచ్చినవారికి మొదట చేయాల్సింది అల్ట్రాసౌండే. రేడియేషన్ లేదు, మంచం దగ్గరే చేయవచ్చు. మూత్రం వెనక్కి నిలిచి కిడ్నీ ఉబ్బిందా అన్నది, అంటే హైడ్రోనెఫ్రోసిస్, వెంటనే తెలుస్తుంది. రాయి తెల్లటి మెరుపుగా, వెనక నల్లటి నీడతో కనిపిస్తుంది. అయితే రాయిని పట్టుకోవడంలో దీని బలం పరిమితం. యూరోపియన్ యూరాలజీ మార్గదర్శకాల లెక్కలో, రాళ్లను గుర్తించే సామర్థ్యం సుమారు 45 శాతమే. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే మూత్రనాళంలో మధ్యభాగం పేగుల్లోని గాలి వెనక దాగిపోతుంది. పైమొదలు, కిందిమొదలు మాత్రమే కంటికి అందుతాయి. కిందిమొదలు కనిపించాలంటే మూత్రాశయం నిండి ఉండాలి. ఖాళీ మూత్రాశయంతో చేసిన స్కాన్‌లో "రాయి లేదు" అని వస్తే దాన్ని జవాబుగా తీసుకోకూడదు.

నీడ స్పష్టంగా లేని చిన్న రాయికి, రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ సాయం చేస్తుంది. రాయి గరుకు ఉపరితలం మీద, దాని వెనక ఎరుపు నీలం చుక్కలు మినుకుమినుకుమంటాయి. దీన్నే ట్వింక్లింగ్ అంటారు. ఇది బాగా కనబడాలంటే ఫోకస్‌ను రాయి మీదికో, కొద్దిగా కిందికో తేవాలి. వేగం స్కేలును పెంచాలి. అప్పుడు రక్తనాళాల రంగు తగ్గిపోయి రాయి రంగు మిగులుతుంది. రక్తనాళం గోడలో పేరుకున్న కాల్షియం, మూత్రం దిగడానికి నాళంలో పెట్టిన స్టెంట్ గొట్టం, గాలి బుడగలు కూడా ఇలాగే మినుకుమంటాయి కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మి రాయి అని రాయకూడదు.

పరిమాణం దగ్గర ఇంకో తిరకాసు ఉంది. అల్ట్రాసౌండ్ చిన్న రాళ్లను ఉన్నదానికన్నా పెద్దగా చూపుతుంది. 5 మి.మీ. లోపు రాళ్లలో ఈ తేడా ఎక్కువ. 4 మి.మీ. రాయి 6 మి.మీ.గా రిపోర్టులోకి ఎక్కితే, తనంతట తానే పడిపోయే రాయికి ఆపరేషన్ మాట మొదలవుతుంది. తెల్లటి మెరుపును కాక దాని వెనక పడే నీడ వెడల్పును కొలిస్తే అసలు పరిమాణానికి దగ్గరగా వస్తుంది.

ఉబ్బు విషయంలోనూ రెండు వైపులా పొరపాట్లు జరుగుతాయి. వాంతులతో ఒంట్లో నీరు తగ్గినవారిలో, నొప్పి మొదలైన తొలి గంటల్లో, అడ్డంకి ఉన్నా కిడ్నీ ఉబ్బకపోవచ్చు. మూత్రాశయం బాగా నిండి ఉంటే అడ్డంకి లేకున్నా రెండు కిడ్నీలూ కొద్దిగా ఉబ్బినట్టు కనిపిస్తాయి. అలాంటప్పుడు మూత్రం పోయించి మళ్లీ చూడాలి. కిడ్నీ మధ్యలో ఉండే నీటి తిత్తులను హైడ్రోనెఫ్రోసిస్ అని రాయడం కూడా తరచుగా జరిగే తప్పు. తిత్తులు ఒకదానితో ఒకటి కలవవు, ఉబ్బిన గదులన్నీ కిడ్నీ మధ్యలో మూత్రం చేరే సంచి, పెల్విస్‌కు కలుస్తాయి. ప్రోబ్‌ను తిప్పి ఆ కలయికను చూస్తే సందేహం తీరుతుంది.

ఇన్ని పరిమితులున్నా అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం సరైన పనేనని 2014లో వెలువడిన పెద్ద అమెరికన్ అధ్యయనం చూపింది. 15 ఎమర్జెన్సీ విభాగాల్లో 2,759 మందిని అల్ట్రాసౌండ్ ముందు, సీటీ ముందు అని విడదీసి చూశారు. అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టినవారిలో ప్రమాదకరమైన జబ్బులు కనిపెట్టకుండా జారిపోవడం పెరగలేదు. ఆరు నెలల్లో వాళ్లకు పడిన మొత్తం రేడియేషన్ మాత్రం తగ్గింది. వాళ్లలో కొందరికి తర్వాత సీటీ అవసరమైంది, అది సహజమే. జ్వరం ఉన్నా, ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా, నొప్పికి కారణం రాయేనా అన్న అనుమానం ఉన్నా, రాయిని తీయాలని నిర్ణయించినా సీటీకి వెళ్లాల్సిందే.

సీటీ: అడగాల్సినవి, కొలవాల్సినవి

రాయి కోసం చేసే సీటీకి కాంట్రాస్ట్ అక్కర్లేదు. పైగా అది పనిని చెడగొడుతుంది. కాంట్రాస్ట్ మూత్రంలోకి దిగాక తెల్లగా మెరుస్తుంది, రాయీ తెల్లగానే ఉంటుంది, దాంతో రాయి అందులో కలిసిపోతుంది. మామూలు డోసు సీటీలో రేడియేషన్ సుమారు 5 మిల్లీసీవర్ట్‌లు, కొన్నిచోట్ల అంతకన్నా బాగా ఎక్కువ పడుతుంది. లోడోసు పద్ధతిలో 1 నుంచి 2 మిల్లీసీవర్ట్‌లతో పని జరుగుతుంది. బీఎంఐ 30 లోపు ఉన్నవారిలో 3 మి.మీ. దాటిన మూత్రనాళపు రాళ్లను పట్టుకోవడానికి ఆ డోసు చాలు. బరువు ఎక్కువగా ఉన్నవారిలో చిత్రం గరుకెక్కి చిన్న రాళ్లు జారిపోతాయి కాబట్టి వాళ్లకు డోసు పెంచక తప్పదు. ఏడాదిలో మూడు నాలుగు సార్లు నొప్పితో వచ్చే రోగికి ప్రతిసారీ పూర్తి డోసు సీటీ రాయడం మాత్రం సమర్థించలేని అలవాటు.

స్లైసు మందం, అంటే సీటీ చూపే ఒక్కో అడ్డపొర మందం, రిపోర్టులో ఎవరూ పెద్దగా పట్టించుకోని అంకె, కానీ ఫలితాన్ని తారుమారు చేసేది అదే. 5 మి.మీ. స్లైసుల్లో 2, 3 మి.మీ. రాళ్లు కనబడకుండా పోతాయి. కనబడినా చుట్టుపక్కల కణజాలంతో కలిసి సగటు పడి సాంద్రత తక్కువగా చూపిస్తుంది. గట్టి రాయి మెత్తటిదిగా రిపోర్టులోకి ఎక్కడానికి ఇదొక ముఖ్య కారణం. 3 మి.మీ. మించకుండా, వీలైతే 1 మి.మీ. దగ్గరగా స్లైసులు తయారు చేయించుకోవాలి.

రాయి అనిపించినదల్లా రాయి కాదు. కటి భాగంలోని సిరల్లో సున్నం పేరుకున్న చిన్న గుండ్లు, ఫ్లెబోలిత్‌లు, మూత్రనాళపు రాయిలాగే మెరుస్తాయి. నమ్మదగిన మార్గం ఒక్కటే: మూత్రనాళాన్ని కిడ్నీ దగ్గర పట్టుకుని, ఒక్కో స్లైసుగా కిందికి దిగుతూ, ఆ మెరుపు మూత్రనాళం లోపల ఉందా, పక్కన ఉందా చూడాలి. మూత్రనాళం కనుమరుగైన చోట రెండు గుర్తులు ఆదుకుంటాయి. రాయి చుట్టూ వాచిన మూత్రనాళం గోడ సన్నటి అంచుగా కనిపిస్తుంది. ఫ్లెబోలిత్ నుంచి మాత్రం సిర తోకలా సాగి ఉంటుంది. మూత్రనాళం మూత్రాశయంలో కలిసే చోట రాయి కనిపిస్తే అది ఇంకా ఇరుక్కునే ఉందా, మూత్రాశయంలో పడిపోయిందా అన్న సందేహం వస్తుంది. బోర్లా పడుకోబెట్టి ఆ ఒక్క చోట నాలుగు స్లైసులు తీస్తే తేలిపోతుంది. పడిపోయిన రాయి ముందువైపుకి జారుతుంది, ఇరుక్కున్నది కదలదు.

ఇక కొలత. అడ్డంగా కోసిన చిత్రంలో రాయి 6 మి.మీ. ఉండవచ్చు. మూత్రనాళం నిలువుగా దిగుతుంది కాబట్టి రాయి పొడవు కూడా సాధారణంగా నిలువునే ఉంటుంది. అదే రాయి ముందు నుంచి నిలువుగా చూపే కరోనల్ చిత్రంలో 10 మి.మీ. తేలడం అరుదేమీ కాదు. మూడు తలాల్లోనూ కొలిచి అన్నిటికన్నా పెద్దదాన్ని రాయాలి. తనంతట తాను దిగుతుందా అన్న అంచనాకు మాత్రం అడ్డకొలత ముఖ్యం, ఎందుకంటే నాళంలో దారి దొరకాల్సింది ఆ వెడల్పుకే. ఏ విండోలో, అంటే చిత్రం తెలుపు నలుపుల ఏ అమరికలో, కొలుస్తున్నామన్నదీ చూసుకోవాలి. మెత్తటి కణజాలం కోసం పెట్టిన విండోలో రాయి అంచులు విచ్చుకుని పెద్దదిగా కనిపిస్తుంది. ఎముకల విండోకి మార్చి, చిత్రాన్ని పెద్దది చేసి కొలిస్తే అసలు పరిమాణానికి దగ్గరగా వస్తుంది. నెల క్రితం ఒక విండోలో, ఈరోజు ఇంకో విండోలో కొలిచి "రాయి పెరిగింది" అని రాయడం వల్ల రోగులు అనవసరంగా భయపడుతున్నారు.

సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో చెబుతారు, వాడుకలో హెచ్‌యూ. యూరిక్ యాసిడ్ రాళ్లు సాధారణంగా 500 లోపే ఉంటాయి. ఇన్ఫెక్షన్ వల్ల పుట్టే స్ట్రువైట్, వంశపారంపర్యంగా వచ్చే సిస్టీన్ మధ్యలో తేలతాయి. కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్, బ్రషైట్ అనే గట్టి కాల్షియం రాళ్లు 1,000 దాటి, తరచుగా 1,200 కూడా దాటి పోతాయి. 1,000 దాటిన రాయి షాక్ తరంగాలకు లొంగే అవకాశం బాగా తగ్గుతుంది. కొలిచేటప్పుడు రాయి లోపలే, అంచులు తగలకుండా, చిన్న వృత్తం గీయాలి. వృత్తం అంచు దాటితే పక్క కణజాలం కలిసి అంకె పడిపోతుంది. 5 మి.మీ. లోపు రాళ్ల మీద హెచ్‌యూ ఆధారంగా రకాన్ని తేల్చడం నమ్మదగినది కాదు. సిస్టీన్ విషయంలో ఇంకో హెచ్చరిక: హెచ్‌యూ మధ్యస్తంగానే ఉన్నా తరంగాలకు అది మొండిగా నిలబడుతుంది. అంకె ఒక్కటే చూసి నిర్ణయం తీసుకుంటే ఇక్కడ దెబ్బ తింటారు.

డ్యూయల్ ఎనర్జీ సీటీ ఉన్న చోట ఈ గొడవ కొంత తగ్గుతుంది. రెండు వేర్వేరు శక్తుల్లో, మామూలుగా 80, 140 కేవీల దగ్గర, ఒకే రాయిని చూస్తారు. యూరిక్ యాసిడ్ సాంద్రత రెండింటిలో దాదాపు ఒకేలా ఉంటుంది. కాల్షియం రాయి మాత్రం తక్కువ శక్తి దగ్గర చాలా ఎక్కువగా మెరుస్తుంది. ఆ నిష్పత్తి చూసి యూరిక్ యాసిడ్‌ను వేరు చేయవచ్చు. దీని విలువ అంతా అక్కడే ఉంది, ఎందుకంటే యూరిక్ యాసిడ్ రాయిని కోయకుండా, కొట్టకుండా, మూత్రం పీహెచ్ పెంచి కరిగించవచ్చు.

సీటీ మొదలయ్యే ముందు తీసే, ఎక్స్‌రే లాంటి స్కౌట్ చిత్రాన్ని చాలామంది తిరిగి చూడరు. చూడాలి. రాయి స్కౌట్‌లో కనిపిస్తే మామూలు ఎక్స్‌రేలోనూ కనిపిస్తుంది. ఇకముందు దాన్ని ఎక్స్‌రేతోనే గమనించవచ్చు, షాక్ తరంగాలతో రాయిని పగలగొట్టే లిథోట్రిప్సీలో ఎక్స్‌రేతోనే గురిపెట్టవచ్చు. స్కౌట్‌లో కనబడకపోతే అది కాల్షియం రాయి కాకపోవచ్చన్న మొదటి సూచన, చిన్నదైనా కావచ్చు. హెచ్ఐవీ మందు ఇండినవిర్ వల్ల ఏర్పడే రాళ్ల సంగతి వేరు. అవి సీటీలో కూడా కనబడవు.

ఆగవచ్చా, ఆగకూడదా

మూత్రనాళంలో 5 మి.మీ. లోపు రాళ్లలో సుమారు 68 శాతం, 5 నుంచి 10 మి.మీ. మధ్యవాటిలో సుమారు 47 శాతం తమంతట తామే దిగుతాయని 2007 నాటి అమెరికన్, యూరోపియన్ ఉమ్మడి మార్గదర్శకాలు లెక్కగట్టాయి. కింది మూడో వంతులో ఉన్న రాయికి పైనున్నదానికన్నా అవకాశం ఎక్కువ. నొప్పి అదుపులో ఉండి, జ్వరం లేకుండా, కిడ్నీ పనితీరు బాగుంటే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగవచ్చు. నొప్పి తగ్గిపోయిందంటే రాయి పడిపోయిందని కాదు. అడ్డంకి అలాగే ఉండి నొప్పి మాత్రం ఆగిపోవచ్చు, కిడ్నీ లోలోపల దెబ్బతింటూ పోవచ్చు. రాయి కంటికి కనిపించేలా పడకపోతే గడువు ముగిసేలోపు మళ్లీ స్కాన్ తప్పనిసరి. సీటీలో రాయి ఉన్నచోట నాళం గోడ మందంగా వాచి ఉంటే అది ఇరుక్కుపోయిందని అర్థం, అలాంటిదాని కోసం ఆరు వారాలు ఎదురుచూడటంలో ప్రయోజనం తక్కువ.

జ్వరంతో పాటు అడ్డంకి ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఉబ్బిన కిడ్నీలో మూత్రం నల్లగా తేటగా కాక మసకగా, అడుగున మడ్డి పేరుకుని అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తే లోపల చీము ఉందని అనుమానించాలి. చిత్రం తేటగా ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని అనుకోకూడదు. ఆ రోజు చేయాల్సింది రాయిని తీయడం కాదు, ఒత్తిడి దించడం: కింది నుంచి, అంటే మూత్రద్వారం గుండా, డబుల్ జే స్టెంట్, లేదా నడుము వైపు నుంచి అల్ట్రాసౌండ్ చూస్తూ కిడ్నీలోకి నెఫ్రోస్టమీ గొట్టం. ఇన్ఫెక్షన్ తగ్గాకే రాయి జోలికి వెళ్లాలి. చీముతో ఉన్న కిడ్నీలోకి ఒత్తిడితో నీళ్లు పంపి రాయి పగలగొట్టడం మొదలుపెడితే సూక్ష్మజీవులు నేరుగా రక్తంలో కలుస్తాయి. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

గర్భిణుల్లో అల్ట్రాసౌండే మొదటిది. నెలలు నిండే కొద్దీ కుడి కిడ్నీ రాయి లేకున్నా ఉబ్బి కనిపించడం మామూలే. మూత్రనాళం నుంచి మూత్రం మూత్రాశయంలోకి చిమ్మే తీరును డాప్లర్‌లో కొన్ని నిమిషాలు చూస్తే, రెండు వైపులా వస్తోందా లేదా తెలుస్తుంది. తేలకపోతే కాంట్రాస్ట్ లేని ఎంఆర్ఐ చేస్తారు. అది రాయిని నేరుగా చూపకపోయినా ఉబ్బు ఎక్కడ ఆగిందో చూపిస్తుంది. లోడోసు సీటీ వేరే దారి లేనప్పుడే. పిల్లల్లో కూడా మొదట అల్ట్రాసౌండ్‌తోనే నడవాలి.

షాక్ తరంగాలకు గురి

1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ బృందం తొలి రోగికి షాక్ వేవ్ లిథోట్రిప్సీ చేసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ చికిత్స గెలుపోటములు రెండింటి మీద ఆధారపడ్డాయి: సరైన రాయిని ఎంచుకోవడం, గురి తప్పకుండా చూసుకోవడం.

ఎంపిక సీటీ దగ్గరే జరగాలి. హెచ్‌యూతో పాటు చర్మం నుంచి రాయికి ఉన్న దూరం కొలవాలి. రాయి నుంచి చర్మం వరకు 0, 45, 90 డిగ్రీల్లో మూడు గీతలు గీసి సగటు తీస్తారు. అది 10 సెం.మీ. దాటితే తరంగం రాయిని చేరేసరికి నీరసిస్తుంది. కిడ్నీలో మూత్రం మొదట చేరే చిన్న గదుల్లో, అంటే కాలిక్స్‌లలో, కిందిదానిలో రాయి ఉంటే ఆ గది మెడ ఎంత సన్నం, ఎంత పొడవు, పెల్విస్‌తో ఎంత వంపు తిరిగి ఉందో కూడా చూడాలి. మెడ 5 మి.మీ. కన్నా సన్నగా, 10 మి.మీ. కన్నా పొడవుగా, వంపు బాగా తిరిగి ఉంటే రాయి పొడి అయినా ఆ పొడి పైకెక్కి బయటపడదు. ఇవన్నీ ఎదురు నిలిచిన రోగికి మూడు విడతల లిథోట్రిప్సీ చేసి చివరికి ఎండోస్కోపీకి పంపడం రోగికి చేసే అన్యాయం. అదే సీటీలో కిడ్నీ ధమనిలోనో, బృహద్ధమనిలోనో ఉబ్బు కనిపించినా, రాయికి దిగువన నాళంలో అడ్డంకి ఉన్నా ఈ చికిత్స పనికిరాదు.

గురి విషయానికొస్తే, శ్వాసతో కిడ్నీ రెండు సెంటీమీటర్లకు పైగా పైకీ కిందికీ కదులుతుంది. యంత్రం ఫోకస్ వెడల్పేమో కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు పైచిలుకు. నొప్పితో రోగి శ్వాస వేగం పెరిగితే చాలా తరంగాలు రాయిని తాకకుండా కిడ్నీ కండనే తాకుతాయి. అందుకే నొప్పి మందు సరిపడా ఇవ్వడం కూడా గురిలో భాగమే. ఎక్స్‌రేతో గురిపెడితే నిటారుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి, రెండు కోణాల్లోనూ రాయి క్రాస్ గుర్తు మీద ఉండాలి. ఒకే కోణంలో సరిపోయిందని మొదలుపెడితే లోతు తప్పుతుంది. ప్రతి కొన్ని వందల తరంగాలకు ఆగి మళ్లీ చూడాలి. అల్ట్రాసౌండ్‌తో గురిపెడితే రేడియేషన్ లేకుండా నిరంతరం చూడవచ్చు, ఎక్స్‌రేలో కనబడని రాళ్లకూ పనికొస్తుంది. మూత్రనాళం మధ్యభాగంలో మాత్రం దానికి రాయి అందదు.

చర్మానికి, యంత్రం కుషన్‌కు మధ్య పూసే జెల్‌లో గాలి బుడగలు చిక్కుకోవడం పైకి కనిపించని పెద్ద లోపం. తాకే వైశాల్యంలో 2 శాతం మేర గాలి ఉన్నా రాయి పగిలే సామర్థ్యం 20 నుంచి 40 శాతం తగ్గవచ్చు. జెల్‌ను చేత్తో పలచగా రుద్దకూడదు. కుషన్ మధ్యలో ఒక్క గుట్టగా వేసి, రోగి బరువుకు అదే పరచుకునేలా చూడాలి. తరంగాలు నిమిషానికి 60 నుంచి 90 చాలు. 120కి పెంచితే ముందు తరంగం వదిలిన సూక్ష్మ బుడగలు తర్వాతి తరంగానికి అడ్డుపడతాయి. తక్కువ శక్తితో మొదలుపెట్టి మెల్లగా పెంచితే కిడ్నీలో రక్తస్రావం ముప్పు తగ్గుతుంది. పగిలిందని చెప్పే గుర్తులు ఎక్స్‌రేలో ఇవి: అంచులు మసకబారడం, ఆకారం వెడల్పవడం, తెలుపు పలచబడటం.

సూది ఎక్కడ దిగాలి

2 సెం.మీ. దాటిన రాళ్లకు, కిడ్నీ గదులన్నీ నింపేసిన స్టాగ్‌హార్న్ రాళ్లకు నడుము వైపు నుంచి రంధ్రం చేసి తీసే పీసీఎన్ఎల్ ప్రధాన చికిత్స. ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ 1976లో ఈ పద్ధతిని ప్రచురించారు. ఈ ఆపరేషన్‌లో జరిగే మంచిచెడ్డల్లో ఎక్కువ భాగం మొదటి సూది పోటులోనే తేలిపోతుంది. ఆ పోటు గుడ్డిగా కాక చిత్రాన్ని చూస్తూ పడాలి.

ఆపరేషన్‌కు ముందు సీటీ లేకుండా పీసీఎన్ఎల్‌కు వెళ్లకూడదు. కిడ్నీ వెనక్కి పెద్దపేగు వచ్చి ఉంటే సూది దాన్ని చీల్చుకుని పోతుంది. సన్నగా ఉన్నవారిలో, ఎడమవైపు, కింది భాగంలో ఈ ముప్పు ఎక్కువ. కాలేయం, ప్లీహం పెద్దవై దారిలోకి వచ్చాయా, 11, 12వ పక్కటెముకలు కిడ్నీకి ఎంత పైన ఉన్నాయి, ఏ కాలిక్స్‌లోంచి వెళ్తే ఎక్కువ రాయి అందుతుంది అన్నవన్నీ ముందే కాగితం మీద ఉండాలి.

ఎక్స్‌రే చూస్తూ సూది దింపే బుల్స్ ఐ పద్ధతి ఇలా నడుస్తుంది. ముందు కింది నుంచి కేథటర్ అనే సన్నటి గొట్టాన్ని, మందాన్ని చెప్పే ఫ్రెంచ్ కొలతలో 5 లేదా 6 సైజుది, కిడ్నీ దాకా ఎక్కించి రోగిని బోర్లా తిప్పుతారు. పలుచన చేసిన కాంట్రాస్ట్‌ను మెల్లగా కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ఒత్తిడితో ఎక్కిస్తే కాంట్రాస్ట్ బయటికి చిమ్మి చిత్రమంతా మసకబారుతుంది, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోతుంది. కొద్దిగా గాలి ఎక్కిస్తే బోర్లా ఉన్న రోగిలో అది పైకి, అంటే వెనకవైపు కాలిక్స్‌లలోకి చేరుతుంది. మనకు కావాల్సింది ఆ వెనక కాలిక్సే. ఆపరేషన్ బల్ల చుట్టూ తిరిగే ఎక్స్‌రే యంత్రం సి-ఆర్మ్‌ను ఆపరేటర్ వైపు సుమారు 30 డిగ్రీలు వంచితే ఆ కాలిక్స్ ఎదురుగా, గుండ్రంగా కనిపిస్తుంది. 18 గేజ్ సూది మొన, మొదలు రెండూ ఒకే చుక్కగా కలిసేలా పట్టుకుని, శ్వాస వదిలి ఆపిన క్షణంలో దింపుతారు. ఆ కోణంలో లోతు తెలియదు. లోతు కోసం సి-ఆర్మ్‌ను తిరిగి నిటారుకు తెచ్చి మొన కాలిక్స్ దాకా వచ్చిందా చూస్తారు. లోపలి చువ్వ తీస్తే మూత్రం చుక్క కనిపించాలి. తర్వాత 0.035 అంగుళాల సన్నటి తీగ, గైడ్‌వైర్ పంపి, వీలైతే మూత్రనాళంలోకి దించుతారు.

సూది కాలిక్స్ చివరి కప్పు మధ్యలోంచి వెళ్లాలి. దగ్గరి దారి కదా అని కాలిక్స్ మెడలోకి గుచ్చితే అక్కడ ఆనుకుని ఉండే పెద్ద రక్తనాళాలు తెగుతాయి. బ్రెజిల్ అనాటమీ నిపుణుడు సంపాయియో కిడ్నీ అచ్చుల మీద చేసిన పరిశీలనలు దీన్ని కళ్లకు కట్టాయి. పొరపాటున ముందువైపు కాలిక్స్‌లో పడితే వైరు పెల్విస్‌లోకి వెళ్లాలంటే గట్టిగా మడత తిరగాలి. ఆ మడత మీదుగా, దారిని వెడల్పు చేసే డైలేటర్ తోస్తే గోడ చిరుగుతుంది. డైలేటర్ ఎక్కువ లోతుకు పోతే పెల్విస్ అవతలి గోడకు రంధ్రం పడుతుంది. తక్కువ లోతులో ఆగితే పరికరాలు వెళ్లే గొట్టం, షీత్, కిడ్నీ కండలోనే ఉండిపోయి రక్తస్రావం ఆగదు. డైలేటర్ కదులుతున్నంతసేపూ దాని మొనను స్క్రీన్ మీద చూస్తూనే ఉండాలి. మామూలు పీసీఎన్ఎల్‌లో దారి 24 నుంచి 30 ఫ్రెంచ్, మినీలో 14 నుంచి 22. పక్కటెముక పైనుంచి గుచ్చితే చివర్లో ఊపిరితిత్తి చుట్టూ నీరో గాలో చేరిందా అని అదే సి-ఆర్మ్‌తో చూసుకున్నాకే రోగిని బల్ల మీది నుంచి దించాలి.

అల్ట్రాసౌండ్ చూస్తూ గుచ్చితే దారిలోని పేగు, కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తి పొర అన్నీ కళ్ల ముందుంటాయి. ఎక్స్‌రేకి ఇవేవీ కనబడవు. డాప్లర్ పెడితే రక్తనాళాలూ తెలుస్తాయి. ఉబ్బని కిడ్నీలో కాలిక్స్‌ను పట్టుకోవడం కష్టం కాబట్టి కింది కేథటర్ నుంచి సెలైన్ ఎక్కించి కొద్దిగా ఉబ్బిస్తారు. సూది మొన కాక దాని మధ్యభాగం ఎక్కడో చిత్రంలో పడి, అదే మొన అనుకోవడం ఇక్కడ కొత్తవారు చేసే తప్పు. సూది గుచ్చడానికి అల్ట్రాసౌండ్, దారి పెంచడానికి ఎక్స్‌రే అన్న కలగలుపు పద్ధతి చాలా సందర్భాల్లో రెండింటి మేలునూ ఇస్తుంది.

కింది నుంచి వంగే స్కోపుతో వెళ్లి లేజర్‌తో పొడి చేసే ఆర్ఐఆర్ఎస్‌లో చిత్రం పాత్ర తక్కువే, అయినా రెండు చోట్ల కీలకం: వైరు నిజంగా కిడ్నీలోకే వెళ్లిందా అని చూడటం, యాక్సెస్ షీత్ ఎక్కిస్తున్నప్పుడు ఎక్కడ ఆగుతోందో గమనించడం. ఆగిన చోట బలం పెట్టకూడదు. స్టెంట్ వేసి ఒకటి రెండు వారాల తర్వాత రావడం మేలు.

ఆపరేషన్ గదిలో రేడియేషన్ రోగికన్నా ఏళ్ల తరబడి సిబ్బందికి ఎక్కువ ముప్పు. ఎక్స్‌రే ట్యూబు బల్ల కింద, డిటెక్టరు రోగికి వీలైనంత దగ్గరగా ఉండాలి. నిరంతరం ఎక్స్‌రే వదులుతూ చూసే ఫ్లోరోస్కోపీ బదులు సెకనుకు తక్కువ పల్స్‌లు వాడి, చివరి చిత్రాన్ని స్క్రీన్ మీద నిలిపి చూడాలి. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకు పడిపోతుంది. కంటి లెన్సుకు అంతర్జాతీయ పరిమితి 2011లో ఏడాదికి 150 నుంచి సగటున 20 మిల్లీసీవర్ట్‌లకు దిగింది. ఆప్రాన్, థైరాయిడ్ కవచం వేసుకుని సీసపు కళ్లద్దాలు వదిలేసే అలవాటును మార్చుకోవాల్సింది అందుకే.

రాయి పోయిందని ఎలా తేల్చాలి

ఆపరేషన్ బల్ల మీద స్కోపులో ఏమీ కనబడలేదన్నది రుజువు కాదు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ రెండూ కలిపి చూసినా చిన్న ముక్కలు జారిపోతాయి. మరుసటి రోజే తీసిన సీటీ పడిపోబోతున్న పొడిని కూడా మిగులుగా లెక్కగడుతుంది. నాలుగు వారాలు ఆగి చూస్తే నిజమైన మిగులు తెలుస్తుంది. 4 మి.మీ. లోపు ముక్కలను లెక్కలోకి తీసుకోకుండా విజయమని రాసుకోవడం పాత పద్ధతి. ఆ ముక్కలే కొందరిలో మళ్లీ పెరిగి, దిగి, రోగిని నొప్పితో ఆసుపత్రికి తిరిగి తెస్తాయి. ఫలితం రాసేటప్పుడు ఏ పరీక్షతో చూశారో, ఏ పరిమాణం వరకు మిగిలిందో రెండూ రాయాలి.

యూరిక్ యాసిడ్ రాయికి పొటాషియం సిట్రేట్‌తో మూత్రం పీహెచ్‌ను 7 నుంచి 7.2 మధ్య ఉంచి కరిగిస్తున్నప్పుడు మామూలు ఎక్స్‌రే పనికిరాదు. ఆ రాయి అందులో కనబడదు. అల్ట్రాసౌండ్, లేదా లోడోసు సీటీలో పరిమాణం పోల్చాలి. రోజూ పీహెచ్ సరిగ్గానే ఉన్నా రాయి తగ్గకపోతే అది శుద్ధ యూరిక్ యాసిడ్ కాకపోవచ్చు, కాల్షియం కలిసి ఉండవచ్చు.

మూత్రనాళంలో స్కోపుతో పని చేసినవారికి, నొప్పి లేకపోయినా, ఒకసారి అల్ట్రాసౌండ్ చేయాలి. స్టెంట్ తీశాక కిడ్నీ ఉబ్బు మిగిలి ఉంటే ముందు లోడోసు సీటీతో ముక్క ఏదైనా ఇరుక్కుందా చూస్తారు. ముక్క లేకుండా ఉబ్బు ఉంటే నాళం ఇరుకైందని అనుమానించి, మూత్రం ఎక్కువగా వచ్చే మందు ఇచ్చి డీటీపీఏ లేదా మాగ్-3 న్యూక్లియర్ స్కాన్ చేస్తారు. ఆ కిడ్నీ ఎంత శాతం పని చేస్తోందో, మూత్రం నిజంగానే ఆగుతోందో అందులో తెలుస్తుంది. నాళాన్ని సరిచేయాలా, స్టెంట్ మళ్లీ వేయాలా అన్నది ఆ రెండు అంకెలను బట్టి నిర్ణయిస్తారు.